జాంబీ సినిమాల్లో రాజకీయ వ్యంగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

శవాలు లేచి జనాన్ని పీక్కుతినే సినిమాలో రాజకీయం ఎక్కడుంటుంది?

బతికున్నవాళ్ల దగ్గర ఉంటుంది. జాంబీకి పార్టీ లేదు, పదవి మీద ఆశ లేదు, ఆకలి ఒక్కటే ఉంది. దాని గురించి తెలుసుకోవాల్సిందంతా మొదటి పది నిమిషాల్లోనే అయిపోతుంది. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా మనం చూసేది మనుషుల్నే. తలుపు ఎవరు వేశారు, ఎవరిని బయట వదిలేశారు, టీవీలో అధికారి ఏం చెబుతున్నాడు, సైన్యం ఎవరిని కాపాడటానికి వచ్చింది అన్నదే అసలు కథ. మామూలు రోజుల్లో చట్టం, మర్యాద, డబ్బు కప్పిపుచ్చే సంగతులు ఇక్కడ ఒక్క రాత్రిలో బయటపడతాయి. మంచి జాంబీ సినిమాలో వ్యంగ్యం డైలాగుల్లో కన్నా ఈ నిర్ణయాల్లోనే ఎక్కువగా ఉంటుంది.

ఈ రాజకీయం మొదటి నుంచీ ఉందా, తర్వాత వచ్చి చేరిందా?

మొదటి నుంచీ ఉంది. జాంబీ పుట్టిల్లు కరీబియన్ దేశం హైతీ. ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో చచ్చేదాకా చాకిరీ చేసిన ఆఫ్రికన్ బానిసల భయం అందులో ఉంది. చచ్చిపోయాక కూడా విడుదల దొరకదేమో, శవాన్ని కూడా లేపి పొలంలోకి తోలతారేమో అన్న భయం అది. బానిసలు తిరగబడి 1804లో స్వతంత్ర దేశం సాధించుకున్నారు. 1915లో అమెరికా సైన్యం అక్కడ దిగి 1934 వరకు ఉంది. రోడ్లు వేయడానికి జనాన్ని బలవంతంగా వెట్టికి పట్టుకెళ్లింది.

ఆ ఆక్రమణ ఇంకా నడుస్తుండగానే, 1932లో, హాలీవుడ్‌లో 'వైట్ జాంబీ' వచ్చింది. అందులో నటుడు బేలా లుగోసి మంత్రగాడిగా ఒక చక్కెర మిల్లు నడుపుతాడు. పనివాళ్లంతా జాంబీలే. గానుగ తిప్పుతూ, బుట్టలు మోస్తూ వరసగా నడుస్తుంటారు. ఒకడు తూలి యంత్రంలో పడిపోతాడు. ఎవరూ ఆగరు, ఎవరూ అరవరు, గానుగ కిర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది. వీళ్లు ఎక్కువ గంటల పని గురించి బాధపడరని యజమాని ఇంకో తోట యజమానికి చెబుతాడు. సినిమా మొత్తంగా చూస్తే తెల్ల అమ్మాయికి వచ్చిన ఆపద గురించే బెంగపడుతుంది, హైతీ జనం గురించి పెద్దగా పట్టించుకోదు. అయినా ఆ మిల్లు సీను మాత్రం తీసినవాళ్లు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ చెప్పేసింది.

అమెరికన్ దర్శకుడు జార్జ్ రొమేరో పేరే అందరూ ఎందుకు చెబుతారు?

మంత్రగాడి చెప్పుచేతల్లో ఉండే జాంబీని మనుషుల్ని తినే గుంపుగా మార్చింది ఆయనే కాబట్టి. యజమాని పోయాడు, గుంపు మిగిలింది. 1968లో పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల, సుమారు 1,14,000 డాలర్లతో, నలుపు తెలుపుల్లో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' ఆ మార్పు తెచ్చింది. ఒక పల్లెటూరి ఇంట్లో ఏడుగురు చిక్కుకుపోతారు. పైన గదుల్లో ఉండి కిటికీలకు చెక్కలు కొట్టుకుందామంటాడు బెన్. నేలమాళిగలోకి పోయి తలుపేసుకుందామంటాడు కూపర్. బయట చావు తిరుగుతుంటే లోపల వీళ్లు పెత్తనం కోసం కొట్టుకుంటారు.

ఆ ఇంట్లో ఒక టీవీ ఉంటుంది. వాషింగ్టన్‌లో విలేకరులు అధికారుల వెంటపడుతున్న దృశ్యం అందులో వస్తుంది. శుక్రగ్రహం దగ్గరికి పంపిన ఉపగ్రహం నుంచి వచ్చిన రేడియేషన్ దీనికి కారణమా అని అడుగుతారు. శాస్త్రవేత్త అవుననబోతాడు, పక్కనున్న సైనికాధికారి ఇంకా ఏదీ తేలలేదంటాడు. ఇద్దరూ కారు వైపు గబగబా నడుస్తూనే ఉంటారు. ఆ విలేకరుల్లో ఒకడిగా రొమేరో స్వయంగా కనిపిస్తాడు. ఉన్నది కాసేపే అయినా, ఆపద వచ్చినప్పుడు ప్రభుత్వాలు మాట్లాడే తీరు మొత్తం ఆ నడకలో ఉంది.

బెన్ నల్లజాతివాడు కావడం కావాలని చేసిందేనా?

కాదు. ఆ పాత్ర రాసినప్పుడు దానికి జాతి అనుకోలేదని, ఆడిషన్‌లో డ్యూయేన్ జోన్స్ అందరికన్నా బాగా చేశాడు కాబట్టి తీసుకున్నామని రొమేరో చాలాసార్లు చెప్పాడు. 'అయితే రాజకీయం మనం అంటగట్టిందే కదా' అని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. సినిమా పూర్తయి న్యూయార్క్‌కు కారులో తీసుకెళ్తుంటే రేడియోలో మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త విన్నామని కూడా రొమేరోనే చెప్పాడు. అది 1968 ఏప్రిల్ 4. అక్టోబరులో సినిమా విడుదలయ్యేసరికి తెర ముందు కూర్చున్న దేశం వేరు.

ముగింపు చూడండి. రాత్రంతా పోరాడి బెన్ ఒక్కడే బతుకుతాడు. తెల్లవారుతుంది. షెరీఫ్, తుపాకులు పట్టిన తెల్లవాళ్ల గుంపు, కుక్కలు వస్తాయి. చప్పుడు విని బెన్ కిటికీ దగ్గరికొస్తాడు. దూరం నుంచి గురిచూసి నుదుటి మీద కాలుస్తారు. తర్వాత కదిలే బొమ్మ ఆగిపోయి, పత్రికల్లో అచ్చయ్యే ఫొటోల్లాంటి గరుకు చిత్రాలు వరసగా వస్తాయి. మాంసం కొక్కేలతో శవాన్ని లాగుతారు, కట్టెల మీద పడేస్తారు. గుంపులు నల్లవాళ్లను చంపి పక్కన నిలబడి ఫొటోలు దిగిన దేశంలో ఆ చిత్రాలు ఏం గుర్తుచేస్తాయో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఆ గుంపు ముఖాల్లో కోపం కూడా లేదు. పని ముగించుకున్నవాళ్ల తీరిక ఉంది. నన్ను ఇప్పటికీ వణికించేది అదే.

జాంబీలు షాపింగ్ మాల్‌కు వస్తారు, అంటే మనమంతా వినియోగదారులమని చెప్పడమే కదా? అంతేనా?

1978 నాటి 'డాన్ ఆఫ్ ది డెడ్' గురించి అందరూ చెప్పే మాట ఇదే. నిజమే గానీ చాలా తక్కువ. పిట్స్‌బర్గ్ దగ్గర మన్రోవిల్ మాల్‌లో, దుకాణాలు మూసేశాక రాత్రిపూట ఆ సినిమా తీశారు. వీళ్లంతా ఇక్కడికే ఎందుకొస్తున్నారని ఒకామె అడిగితే, ఏదో అలవాటు, ఒకప్పుడు వీళ్ల బతుకుల్లో ఇది ముఖ్యమైన చోటు అని జవాబొస్తుంది. అందరూ అక్కడే ఆగిపోతారు. అసలు విషయం దానికి ముందూ తర్వాతా ఉంది.

ముందు టీవీ స్టేషన్. స్టూడియోలో గోల గోలగా ఉంటుంది. తెర కింద సహాయ కేంద్రాల జాబితా పోతూ ఉంటుంది. వాటిలో చాలావరకు ఎప్పుడో మూతపడ్డాయని తెలిసి ఫ్రాన్ అనే ఉద్యోగిని ఆ జాబితా తీసేయిస్తుంది. మేనేజరు కేకలేస్తాడు. ఆ జాబితా లేకపోతే జనం చానల్ మార్చేస్తారట. మూసేసిన చోటికి వెళ్లి జనం చస్తారని తెలిసినా, వీక్షకులు పోకూడదు. తప్పుడు సమాచారం ఎలా పుడుతుందో, ఎవరి లాభం కోసం బతుకుతుందో ఇంత సూటిగా చూపించిన సన్నివేశం నాకు మరొకటి గుర్తులేదు.

వెంటనే పోలీసు దళం పేదల అపార్ట్‌మెంట్ల మీద పడుతుంది. అక్కడుండేది ఎక్కువగా నల్లవాళ్లు, ప్యూర్టోరికన్లు. చనిపోయిన తమవాళ్లను ప్రభుత్వానికి అప్పగించడానికి వాళ్లకు మనసొప్పలేదు, భవనంలోనే దాచుకున్నారు. దళంలో ఒకడు బూతులు తిడుతూ కనిపించినవాడినల్లా కాలుస్తాడు. జాంబీల కన్నా ముందు అతన్ని చూసి భయపడతాం.

ఇక మాల్. నలుగురు హీరోలు జాంబీలను ఏరేసి తలుపులు మూసుకుంటారు. గడియారాలు, ఫర్ కోట్లు, బ్యాంకులో నోట్ల కట్టలు, అన్నీ వాళ్లవే. కొన్నాళ్లకు మొహాల్లో విసుగు మొదలవుతుంది. తర్వాత మోటార్‌సైకిళ్ల మీద దోపిడీ ముఠా వస్తుంది. దాక్కుంటే బతికిపోవచ్చు. కానీ స్టీఫెన్ ఊరుకోడు. ఇది మాది, మేం పట్టుకున్నాం అంటూ తుపాకీ పేలుస్తాడు. ఎవరిదో దుకాణం, ఎవరిదో సరుకు, దాని మీద హక్కు కోసం ప్రాణం పోగొట్టుకుంటాడు. జాంబీ అయ్యాక కూడా దారి గుర్తుండి, మిగతా జాంబీలను తమ రహస్య గది దాకా తీసుకొస్తాడు. 'నాది' అనే మాటే తన వాళ్ల ప్రాణం మీదికి తెచ్చింది. సినిమాలో పదునైన వ్యంగ్యం ఇదని నా అభిప్రాయం.

2004లో వచ్చిన రీమేక్‌లో ఇదంతా ఉందా?

మాల్ ఉంది, పరుగు ఉంది, మొదటి పది నిమిషాలు అద్భుతంగా ఉన్నాయి. ఈ ఆలోచన మాత్రం పెద్దగా లేదు.

రొమేరో తర్వాతి సినిమాలు కూడా చూడాలా?

'డే ఆఫ్ ది డెడ్' (1985) తప్పకుండా చూడండి. భూగర్భంలో సైనికులు ఒక వైపు, శాస్త్రవేత్తలు ఒక వైపు చిక్కుకుని ఉంటారు. మీద ప్రభుత్వం మిగిలి ఉందో లేదో ఎవరికీ తెలియదు, అయినా కెప్టెన్ రోడ్స్ హుకుం జారీ చేస్తూనే ఉంటాడు. గొలుసులతో కట్టేసిన బబ్ అనే జాంబీ మాత్రం మెల్లమెల్లగా సంగీతం వినడం, సెల్యూట్ కొట్టడం మళ్లీ నేర్చుకుంటాడు. ఆ గుహలో మనిషితనం పెరుగుతున్నది అతనొక్కడిలోనే.

'ల్యాండ్ ఆఫ్ ది డెడ్' (2005) ఇంకాస్త బాహాటంగా మాట్లాడుతుంది. ధనవంతులు ఫిడ్లర్స్ గ్రీన్ అనే టవర్‌లో, పేదలు కింద మురికివాడలో, చుట్టూ కంచె, కంచె బయట జాంబీలు. జాంబీల చూపు మళ్లించడానికి ఆకాశంలో బాణసంచా కాలుస్తారు. అవి తలెత్తి చూస్తూ ఉండిపోతే ఈలోపు సరుకులు ఎత్తుకొస్తారు. టవర్ యజమానిగా డెన్నిస్ హాపర్, ఉగ్రవాదులతో బేరాలాడేది లేదంటాడు. అప్పటి బుష్ ప్రభుత్వం రోజూ చెప్పిన మాట అది. సినిమా నడవగా నడవగా, పెట్రోలు బంకులో పనిచేసిన బిగ్ డాడీ అనే జాంబీ బాణసంచా వైపు చూడటం మానేస్తాడు. ఆ క్షణం కోసమైనా ఈ సినిమా చూడాలి.

ఒక ప్రభుత్వాన్ని పేరుపెట్టి తిట్టినంత సూటిగా తీసిన జాంబీ సినిమా ఉందా?

ఉంది. జో డాంటే తీసిన 'హోమ్‌కమింగ్'. 2005 డిసెంబరులో 'మాస్టర్స్ ఆఫ్ హారర్' అనే టీవీ సిరీస్‌లో గంట సేపటి భాగంగా వచ్చింది. అప్పటికి ఇరాక్ యుద్ధం మూడో ఏడాదిలో ఉంది. అమెరికాలోని డోవర్ వైమానిక స్థావరానికి వచ్చే సైనికుల శవపేటికలను ఫొటో తీయడం మీద 1991 నుంచే నిషేధం ఉండేది, ఈ యుద్ధం మొదలయ్యేటప్పుడు దాన్ని ఇంకా గట్టి చేశారు. జనం కంటపడకుండా దాచిన ఆ పేటికల్లోంచే డాంటే కథ మొదలుపెట్టాడు.

టీవీ చర్చలో కొడుకును పోగొట్టుకున్న తల్లి నిలదీస్తే, ప్రభుత్వం తరఫు మనిషి గొంతు వణికించి, నాకు ఒక్క కోరిక తీరితే మీ అబ్బాయి తిరిగి రావాలని కోరుకుంటాను అంటాడు. తిరిగొస్తారు. జాతీయ జెండాలను తోసుకుని లేస్తారు. ఎవరినీ కరవరు. వాళ్లు వచ్చింది ఓటు వేయడానికి. ఓటు వేసిన వెంటనే కుప్పకూలి శాశ్వతంగా నిద్రపోతారు. మొదట ఇది దైవలీల అన్న మతప్రచారకుడే, ఆ ఓట్లు ఎవరికి వ్యతిరేకమో తెలిశాక మాట మారుస్తాడు. వీరులని పొగిడినవాళ్లే వాళ్లకు నారింజ రంగు ఖైదీ బట్టలు తొడిగి శిబిరంలో పెడతారు.

ఇందులో నాకు బాగా ఇష్టమైన సీను వ్యంగ్యం లేనిది. వాన పడుతుంటే ఒక చిన్న హోటలు నడిపే దంపతులు రోడ్డు మీద తిరుగుతున్న చచ్చిపోయిన సైనికుణ్ని లోపలికి పిలిచి కూర్చోబెడతారు. వాళ్ల అబ్బాయి కూడా అక్కడే యుద్ధంలో ఉన్నాడు. ఆ ఆదరణ పక్కన పెట్టి చూస్తే టీవీలో పొగడ్తలు ఎంత బోలువో అర్థమవుతుంది.

ప్రభుత్వాన్ని విమర్శించడం కష్టమైన దేశాల్లో ఇలాంటివి తీయగలిగారా?

క్యూబాలో తీశారు. అలెహాంద్రో బ్రుగెస్ తీసిన 'హువాన్ ఆఫ్ ది డెడ్' (2011), స్పెయిన్‌తో కలిసి నిర్మించినది, హవానా వీధుల్లోనే జరుగుతుంది. జాంబీలు జనాన్ని తింటుంటే ప్రభుత్వ టీవీ మాత్రం ఇది అమెరికా డబ్బులు తీసుకున్న అసమ్మతివాదుల పనే అని చెబుతూ ఉంటుంది. సినిమా అంతటా అదే పాట. అయితే బ్రుగెస్ ప్రభుత్వంతో ఆగలేదు. పని దొంగ అయిన హువాన్, మీ ఆత్మీయులను మేం చంపిపెడతాం అని బోర్డు కట్టి వ్యాపారం మొదలుపెడతాడు. ఏ కష్టమొచ్చినా దాన్నుంచి నాలుగు రూకలు పుట్టించుకోవడం నేర్చుకున్న జనం మీద ప్రేమతో వేసిన చురక అది. క్యూబా సైన్యం వెళ్లిన అంగోలా యుద్ధం, మారియెల్ రేవు నుంచి జనం అమెరికాకు తరలిపోయిన వలస, సోవియట్ పతనం తర్వాతి కరువు, అన్నీ దాటొచ్చానంటాడు హువాన్. మిగతావాళ్లు దేశం విడిచి సముద్రం మీద పోతుంటే తను మాత్రం ఉండిపోతాడు. 2013లో ఈ సినిమాకు స్పెయిన్‌వాళ్ల గోయా అవార్డు వచ్చింది.

'ట్రైన్ టు బుసాన్' ఏడిపించే సినిమా కదా, అందులో వ్యంగ్యమా?

ఏడిపిస్తుంది, తిడుతుంది కూడా. 2014 ఏప్రిల్ 16న కొరియాలో సెవోల్ అనే ఓడ మునిగి 304 మంది చనిపోయారు, ఎక్కువమంది హైస్కూలు పిల్లలే. ఉన్నచోటే ఉండమని మైకులో చెబుతూ వచ్చారు. పిల్లలు విన్నారు. కెప్టెన్ మాత్రం ముందే బయటపడ్డాడు. ఆ మరుసటి ఏడాది మెర్స్ వ్యాధి వచ్చినప్పుడు ఏ ఆసుపత్రుల్లో సోకుతోందో ప్రభుత్వం కొన్నాళ్లు చెప్పలేదు. 2016లో యోన్ సాంగ్‌హో ఈ సినిమా తెచ్చేసరికి ఆ గాయాలు పచ్చిగానే ఉన్నాయి. కోటి మందికి పైగా థియేటర్లలో చూశారు, ఆ దేశ జనాభా ఐదు కోట్లే.

రైల్లో టీవీలు ఇది అల్లర్లని, ప్రభుత్వాన్ని నమ్మండని చెబుతుంటాయి. కిటికీలోంచి ఊరు తగలబడుతూ కనిపిస్తుంటుంది. హీరో మదుపు సంస్థలో మేనేజరు. ఈ వైరస్ పుట్టిన బయోటెక్ కంపెనీని నిలబెట్టిన లావాదేవీల్లో తన చెయ్యీ ఉందని అతనికి ఫోన్లో తెలుస్తుంది. చేతులు కడుక్కుంటూ అద్దం ముందు ఏడుస్తాడు.

కానీ గుండెకాయ లాంటి సన్నివేశం పదిహేనో పెట్టెది. ప్రాణాలకు తెగించి జాంబీల మధ్యనుంచి వచ్చినవాళ్లను లోపలికి రానివ్వకుండా అక్కడి ప్రయాణికులు తలుపు బిగించుకుంటారు. రెచ్చగొట్టేవాడు ఒక బస్సు కంపెనీ పెద్ద. వచ్చినవాళ్లు లోపలికి రాగానే, వీళ్లకు సోకే ఉంటుంది, వెళ్లగొట్టండి అని అందరూ అరుస్తారు. గంట క్రితం పక్కపక్క సీట్లలో కూర్చున్నవాళ్లే. ఆ గుంపులో ఒక ముసలామె ఉంటుంది. అద్దం అవతల తన అక్క జాంబీ అయి నిలబడి ఉండటం చూస్తుంది, వెనక్కి తిరిగి ఈ మనుషులను చూస్తుంది, లేచి వెళ్లి తలుపు తీసేస్తుంది. చూస్తున్నవాళ్లలో చాలామందికి ఆమె మీద కోపం రాదు. మనకు కోపం రాకపోవడమే దర్శకుడు మన మీద విసిరిన ప్రశ్న.

బ్రిటన్ నుంచి వచ్చినవాటిలో ఏది?

'28 వీక్స్ లేటర్' (2007). వైరస్ సోకి ఖాళీ అయిన లండన్‌ను అమెరికా సైన్యం చేతిలోకి తీసుకుని, ఐల్ ఆఫ్ డాగ్స్‌ను సురక్షిత ప్రాంతంగా ప్రకటించి జనాన్ని తిరిగి తెస్తుంది. పరిస్థితి చెయ్యి దాటగానే, సోకినవాళ్లనే కాల్చమన్న ఆదేశం కాస్తా కనిపించిన అందరినీ కాల్చండి అన్నదాకా వస్తుంది. ఇరాక్ యుద్ధంలో అమెరికన్లు బాగ్దాద్ నడుమ గోడలు కట్టుకుని 'గ్రీన్ జోన్' అనే రక్షిత ప్రాంతంలో ఉన్న రోజుల్లో వచ్చిన సినిమా ఇది.

జాంబీ సినిమాలు పేదలను, వలసవచ్చినవాళ్లను గుంపుగా చూపించి భయపెట్టడం లేదా?

కొన్ని అదే చేస్తాయి. ఈ ప్రశ్న తప్పించుకోకూడనిది. ముఖాలు లేని గుంపు, దానికి మాట రాదు, దానితో రాజీ లేదు, కాల్చడమొక్కటే దారి: ఈ చట్రం ద్వేషం పంచేవాళ్లకు కూడా బాగా పనికొస్తుంది. 'వరల్డ్ వార్ జెడ్' (2013)లో జెరూసలేం చుట్టూ పెద్ద గోడ ఉంటుంది. పాలస్తీనావాళ్లను కూడా లోపలికి రానిస్తారు. వాళ్లూ ఇజ్రాయెల్‌వాళ్లూ కలిసి మైకులో పాడతారు, ఆ చప్పుడుకు జాంబీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోడ దాటేస్తాయి. కలిసి పాడినందుకే నగరం పోయిందా, గోడ ఉండటం మంచిదేనా, సినిమా ఏమంటోంది? ఆలోచించకుండా తీసిన సీను అనిపించింది. చూస్తే ముచ్చటేసే చిత్రీకరణే, అందుకే ఇంకా బాధ.

నేను చూసుకునే గుర్తు ఒకటుంది. సినిమా జాంబీని ఒక్కసారైనా మనిషిగా గుర్తుచేస్తుందా? బబ్, బిగ్ డాడీ, ఆ ముసలామె అక్క, వానలో తడిసిన సైనికుడు. ఇలాంటి ఒక్క చూపు కూడా లేకుండా రెండు గంటలూ కాల్చుకుంటూ పోతే ఆ సినిమా ఎవరిని కాలుస్తోందో జాగ్రత్తగా చూడాలి.

తెలుగులో, మన దేశంలో ఇలాంటివి వచ్చాయా?

తెలుగులో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' 2021 ఫిబ్రవరిలో వచ్చింది. కరోనా రోజులు, కర్నూలు వైపు ఊరు, ఫ్యాక్షన్ ఇల్లు, పెళ్లి. టైటిల్ మీద అభ్యంతరాలూ వచ్చాయి. జాంబీని మన నేల మీదికి తేవడానికి ఫ్యాక్షన్ నేపథ్యం ఎంచుకోవడం చాలా మంచి ఆలోచన. ఎవరిదో పగ కోసం ఎవరెవరో చచ్చిపోయే చోటు అది. సినిమా దాన్ని ఎక్కువగా నవ్వుకీ పోరాటాలకీ వాడుకుంది. పెద్దల పగకు బలయ్యేది ఎవరి పిల్లలన్న ప్రశ్న దాకా వెళ్లి ఉంటే ఎంత బాగుండేదో. ఆ సినిమా ఇంకా ఎవరో తీయాల్సే ఉంది.

హిందీలో 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'బేతాళ్' సిరీస్ ఇంకో దారి పట్టింది. హైవే కోసం ఆదివాసీలను ఊరు ఖాళీ చేయిస్తారు, ఎదురు తిరిగినవాళ్లను నక్సలైట్లంటారు, మూసి ఉన్న సొరంగం తెరుస్తారు. లోపలి నుంచి ఈస్టిండియా కంపెనీ కాలపు తెల్ల సైనికుల శవాలు డప్పు కొడుతూ వస్తాయి. కథనం తడబడింది గానీ, నాటి కంపెనీని నేటి కాంట్రాక్టరును ఒకే సొరంగంలో పెట్టిన ఊహ మాత్రం గట్టిది. ఏజెన్సీ ప్రాంతాల సంగతి తెలిసిన మనవాళ్లకు వెంటనే అందుతుంది.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

వద్దు. పైన చెప్పినవన్నీ పెద్దవాళ్లకే. పదహారు పదిహేడేళ్లవాళ్లు ఉంటే 'ట్రైన్ టు బుసాన్' కలిసి చూడొచ్చు, రక్తం ఉన్నా పేగులు బయటపడే దృశ్యాలు తక్కువ.

మొదట ఏది చూడాలి, ఎక్కడ దొరుకుతుంది?

1968 సినిమాతో మొదలుపెట్టండి. డబ్బు పెట్టక్కర్లేదు. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ గుర్తు వేయడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం దాంతో సినిమా అందరి సొత్తు అయిపోయింది. తీసినవాళ్లకు రావాల్సిన డబ్బు చాలావరకు రాలేదు, ఆ అన్యాయం వల్లే అది ప్రపంచమంతా పాకింది. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే కాపీల్లో చాలావాటిలో బొమ్మ మసకగా ఉంటుంది, రాత్రి సీన్లలో ముఖాలే కనపడవు. 2016లో న్యూయార్క్ మోమా మ్యూజియం, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగటివ్ నుంచి బాగుచేసిన ప్రింటు ఉంది. వీలైతే అది వెతికి చూడండి. చివరి ఫొటోల్లో ఆ గుంపులో ఎవరెవరున్నారో, వాళ్ల చేతుల్లో ఏముందో స్పష్టంగా కనిపించాలి.